కోబినా ఎడమకాలు

కొటోకురాబా బజారు, కేప్ కోస్ట్
అక్టోబరు 9

ఒరేయ్ కోబినా,

ఫోన్ చెయ్యలేదని అలగకు. పోస్టాఫీసులో ఫోన్ పట్టుకుని మాట్లాడితే వెనక వరసలో నిలబడ్డ పదిమందీ చెవులు రిక్కించి వింటారు. పోయినసారి నీకు జలుబు చేసిందని నువ్వు చెప్పిన మాట నాకంటే ముందే చేపల వరస దాకా వెళ్ళిపోయింది. సాయంత్రానికి ముగ్గురు ముసలమ్మలు మూడు రకాల కషాయాలు తెచ్చి నా కొట్లో పెట్టారు. గోల్స్ కొట్టే కాలు నీది గానీ, దాని పైనున్న ముక్కు మాత్రం దేశానిది అనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతి చెప్తాను. నువ్వు గుడ్డవైపోయావు!

పోయిన వారం హాలండ్ మూటల్లో కొత్త అచ్చు ఒకటి వచ్చింది. నీలం నేల, దాని మీద బారుగా తెల్ల గీతలు, ఒక్కో గీత కిందుగా దాన్ని ఆనుకుని పసుప్పచ్చ గుండ్రాలు. రెండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. మా గుడ్డల వరసలో పేరు లేని గుడ్డ కదలదని నీకు తెలుసు. మొగుడి మీద అలిగినవాళ్ళకు ఒక గుడ్డ, ఎదురింటావిడను దెప్పడానికి ఇంకొకటి. పేరు లేని గుడ్డ కట్టుకుని వీధిలోకెళితే ఎవరికేం చెప్పినట్టు?

శనివారం రేడియోలో నీ ఆట వస్తోంది. వరస పెద్ద మామే ఎసీ రేడియో ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగానే కూర్చుంది. నువ్వు గోల్ కొట్టగానే ఆవిడ లేచి, ఎదురుగా వేలాడుతున్న ఆ గుడ్డను చూసి, "అదిగోనే! అడ్డకర్ర కింద నుంచి బంతి దూరిపోయింది! ఇది కోబినా ఎడమకాలే!" అని కేక పెట్టింది. అంతే. చీకటి పడకముందే మూట ఖాళీ. "ఆరు గజాలు ఎడమకాలు ఇవ్వు", "నాకు పన్నెండు గజాల ఎడమకాలు కావాలి" అంటూ ఒకటే గోల. చర్చిలో పాటల బృందం మొత్తం నీ కాలు కట్టుకుని పాడింది. పాస్టరు గారు నవ్వాపుకోలేక ప్రార్థన మధ్యలో దగ్గారు.

చిన్నప్పుడు బళ్ళో నీ ఎడమ చేతిని బెంచీకి కట్టేసి కుడి చేత్తో రాయించారు, గుర్తుందా? ఎడమ చేత్తో పెద్దవాళ్ళకు ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని నేనే నీ వేళ్ళ మీద ఎన్నిసార్లు కొట్టానో. చేతిని కట్టేశాం గానీ కాలిని మరిచిపోయాం. మంచిదయింది.

ఫిబ్రవరిలో దేశం తరఫున కప్పు ఆడటానికి నువ్వు వచ్చేసరికి చొక్కా ఒకటి కుట్టించి ఉంచుతాను. నీ గుడ్డ నువ్వే కట్టుకోకపోతే బాగుండదు.

అక్క,
అరాబా

*

ఆంట్వెర్ప్
నవంబరు 2

అక్కా,

నీ ఉత్తరం ట్రాములో చదువుతూ ఎంత గట్టిగా నవ్వానంటే పక్కావిడ లేచి వేరే చోట కూర్చుంది. చొక్కా వేసుకుని మైదానంలోకి దిగితే ఇరవై వేలమంది నా పేరు పాడతారు. చొక్కా విప్పి ట్రామెక్కితే నా పక్కన ఎవరూ కూర్చోరు. అలవాటైపోయింది. అందుకే నా కాలు కట్టుకుని మనవాళ్ళు చర్చిలో పాడారన్న చోటు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఆ గుడ్డ అచ్చువేసే ఫ్యాక్టరీ ఇక్కడికి రెండు గంటల దూరమే. సెలవు రోజున వెళ్ళాను. అక్కడ దాని పేరు ఎవరికీ తెలీదు. దానికి వాళ్ళు పెట్టింది ఐదువేల రెండు వందల ఎనిమిది అనే నంబరు. నాకు ఇక్కడ చొక్కా మీద పంతొమ్మిది. ఆ అచ్చు గీసిన ముసలాయనను పట్టుకుని "ఇవి బంతులే కదా?" అని అడిగితే, "కాదయ్యా, దూలానికి వేలాడదీసిన లాంతర్లు" అన్నాడు. "ఏ వైపు పైకి?" అన్నాను. "అది కట్టుకునేవాళ్ళ ఇష్టం. మేం అచ్చువేస్తాం, అంతే" అన్నాడు.

మామే ఎసీకి ఈ లాంతర్ల సంగతి చెప్పకు. పేరు తీసేసినా తీసేస్తుంది.

చొక్కా కొంచెం వదులుగా కుట్టించు. ఇక్కడి తిండికి లావెక్కాను. మొక్కజొన్నపిండి కెంకే ముద్ద, వేయించిన చేప, పచ్చిమిరపకాయల నూరుడు కలలోకి వస్తున్నాయి.

తమ్ముడు,
కోబినా

*

కొటోకురాబా బజారు, కేప్ కోస్ట్
ఫిబ్రవరి 20

తమ్ముడు కోబినాకు,

నువ్వు ఇంటికి రాకుండా ఆక్రా నుంచే విమానం ఎక్కి వెళ్ళిపోయావని తెలిసింది. మంచిపనే చేశావు. అలిసిపోయి ఉంటావు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఆట అన్నాక గెలుపూ ఓటమీ ఉంటాయి, అందరూ అదే అంటున్నారు. పెనాల్టీ అంటే ఎవరికైనా తప్పుతుంది. నిన్ను ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. గుడ్డ బాగానే పోతోంది. నేను బాగానే ఉన్నాను.

వేళకు తిను. చొక్కా ఇక్కడే ఉంది, తర్వాత పంపుతాను.

అరాబా

*

ఆంట్వెర్ప్
మార్చి 14

అక్కా,

నువ్వు పుట్టాక ఇంత చిన్న ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. అప్పుడే అనుమానం వచ్చింది. మొన్న ఓడ మీద వంట చేసే జో ఎస్సెల్ రేవులో దిగి నన్ను చూడ్డానికి వచ్చాడు. అడిగినంతసేపూ నేల చూశాడు. ఆఖరికి చెప్పాడు. నీ కొట్టు ముందు ఆ గుడ్డను కుప్పపోసి తగలబెట్టారట. రేకు తలుపు మీద రాళ్ళు పడ్డాయట. అవునా? నాకెందుకు దాచావు?

ఇక నేను దాచింది చెప్తాను. ఇది నీకొక్కదానికే.

ఫైనల్లో తొంభయ్యో నిమిషం, చెరొక గోలు. పెనాల్టీ దొరికింది. కొట్టాల్సింది మా కెప్టెన్. వారం రోజులుగా అదే అనుకున్నాం. ఆయన బంతి తీసుకుని నాలుగడుగులు వేశాడు. ఆగిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళాను. "నా కాళ్ళు నావి కావు తమ్ముడూ, నువ్వు కొట్టు" అన్నాడు. అంత పెద్దమనిషి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. ఇంకెవరూ చూడకూడదని చప్పున బంతి అందుకున్నాను. దూరం నుంచి చూసినవాళ్ళకు నేను లాక్కున్నట్టే కనబడి ఉంటుంది. ఎడమ కాలితో కొట్టాను. పైనుంచి పోయింది. ఆ తర్వాత మనం ఓడిపోయాం. తప్పింది నా కాలే, ఆయనది కాదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇప్పుడు జట్టు పెద్దలు కాగితం పంపారు. "పేరు కోసం ఆశపడి కెప్టెన్ చేతిలోంచి బంతి లాక్కున్నాను, దేశం నన్ను క్షమించాలి" అని నేను ఒప్పుకోవాలట. రేడియోలో చదువుతారట. సంతకం పెడితే మళ్ళీ జట్టులోకి, లేకపోతే ఎప్పటికీ లేదు. వాళ్ళ మనిషి డాడ్జీ గారు ఏప్రిల్ మొదటి శనివారం మన బజారుకే వస్తారు. అందరి ముందూ నువ్వు ఆ కాగితం ఆయన చేతికివ్వాలి, ఫోటో తీస్తారు.

సంతకం పెట్టాను. కాగితం దీంతోనే పంపుతున్నాను. అబద్ధమే, నాకు తెలుసు. కానీ నీ కొట్టు మీద రాళ్ళు పడటం కంటే నా పేరు మీద పడితే నయం. ఇచ్చెయ్యి అక్కా. గొడవ అణిగిపోతుంది.

కోబినా

*

కొటోకురాబా బజారు, కేప్ కోస్ట్
ఏప్రిల్ 10

ఒరేయ్ బుద్ధిలేనివాడా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నీ మీద కోపంతో. ఇప్పుడు అన్నం తింటున్నాను గానీ కోపం అలాగే ఉంది.

నేను ఫిబ్రవరిలో రాసినదంతా అబద్ధం. సరే, ఇప్పుడు నిజం విను. ఆట అయిన మర్నాడు నా దగ్గర కొన్న గుడ్డలే తెచ్చి నా ముందే కాల్చారు. రాళ్ళు రెండు రోజులు పడ్డాయి. మూడో రోజు నుంచి రాళ్ళకంటే తెలివైన పని మొదలుపెట్టారు. గుడ్డను తిరగేసి కట్టుకున్నారు. తల్లకిందులుగా. అప్పుడేమవుతుందో నీకు తెలుసుగా, గుండ్రాలన్నీ గీతకు పైకి వచ్చేస్తాయి. బంతి అడ్డకర్ర దాటి పోయినట్టు! కొట్టు ముందు నుంచి అటూ ఇటూ తిరుగుతూ "కోబినా దేవుడికి పాస్ ఇచ్చాడు, కోబినా దేవుడికి పాస్ ఇచ్చాడు" అని పాట. చేపలమ్మే అబా అయితే నడుం మీద గుండ్రం వచ్చేలా కట్టుకుని నా ముందు ఊపుకుంటూ పోయేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

మామే ఎసీ కూడా వచ్చి, "అరాబా, పేరు పెట్టింది నేనే, తీసేస్తున్నదీ నేనే. ఈ గుడ్డకు ఇకనుంచి లాంతర్లు అని పేరు పెడదాం" అంది. నీ ఫ్యాక్టరీ ముసలాయన మాట ఎలా తెలిసిందో ఈవిడకు, నేనైతే చెప్పలేదు! "మామే, మీరు పెద్దవారు. కానీ నా కొట్లో దాని పేరు అదే" అన్నాను. నెల రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. నీ కాగితం వచ్చాక మాత్రం ఓర్పు పోయింది. నిన్ను వీపున కట్టుకుని పెంచింది నేను. అమ్మ పోయిన ఏడాది నువ్వు నడక కూడా సరిగా రాని పసివాడివి. తప్పు చేస్తే ఒప్పుకోమని కొట్టాను. చెయ్యని తప్పు ఒప్పుకోమని ఎప్పుడైనా చెప్పానా? నన్ను కాపాడటానికట! రాళ్ళు తలుపు మీద పడ్డాయి, నా మీద కాదు. తలుపు రేకుది. నువ్వు రాసిన ఆ వాక్యం మాత్రం నేరుగా నా మీదే పడింది.

శనివారం డాడ్జీ గారు వచ్చారు. తెల్ల చొక్కా, మెడలో టై, వెంట ఫోటోలు తీసే అతను. వరస వరసంతా మూగింది. ఆయన గొంతు సవరించుకుని, "ఈ ఊరి బిడ్డ తన తప్పు తెలుసుకున్నాడు. అహంకారం వల్ల కెప్టెన్ గారి చేతిలో బంతి" అని మొదలెట్టారు. నా నాలుక చివర ఉంది నిజం. నా నోట్లో నువ్వుగింజ నానదని ఈ ఊరందరికీ తెలుసు. కానీ నువ్వు చెప్పొద్దన్నావు.

కాగితం బల్ల మీద పరిచాను. కత్తెర తీసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా గజాలు కత్తిరిస్తున్న చెయ్యి, గీత తప్పలేదు. నీ సంతకం ఉన్న కింది ముక్కను కోసి రవికెలో దోపుకున్నాను. మిగతా కాగితాన్ని మడిచి ఆయనకు అందించాను.

ఎడమ చేత్తో.

ఒరేయ్, ఆయన చెయ్యి సగంలో ఆగిపోయింది. "ఏమిటమ్మా ఇది! పెద్దవాళ్ళకు ఎడమ చేత్తో ఇస్తావా? తల్లి నేర్పలేదా?" అన్నారు.

"నేర్పింది బాబూ. కుడి చెయ్యి నిజం ఇవ్వడానికి ఉంచుకోమంది" అన్నాను.

అప్పుడు మామే ఎసీ స్టూలు మీద నుంచి లేచింది. నన్ను తిడుతుందనుకున్నాను. మెల్లగా నా పక్కకు వచ్చి నిలబడి, "పుచ్చుకోండి డాడ్జీ గారూ. ఇచ్చింది పుచ్చుకోకపోతే మర్యాద కాదు" అంది. ఆయనకు ఏం చెయ్యాలో తోచక పుచ్చుకున్నారు. వాళ్ళు తెచ్చుకున్న ఫోటో అతను, పాపం, చెప్పిన పని చేశాడు. తీశాడు! మర్నాడు పేపర్లో పడింది. నా ఎడమ చెయ్యి భలే స్పష్టంగా ఉంది.

ఆయన వెళ్ళిపోయాక అబా ఊరుకోకుండా, తల్లకిందుల గుడ్డ ఊపుకుంటూ, "ఎన్ని చేసినా మీవాడు దేవుడికి పాస్ ఇచ్చాడుగా వదినా!" అంది.

"ఇచ్చాడే. ఆట తెలిసినదానివైతే విను. పాస్ ఇచ్చేది ఉంచుకోమని కాదు. దేవుడు తిరిగిస్తాడు" అన్నాను.

తర్వాత ఎక్కడో వెనక నుంచి ఒకావిడ, "ఆరు గజాలు దేవుడు తిరిగిస్తాడు ఇవ్వమ్మా" అంది. అంతే. ఇప్పుడు గుడ్డకు రెండు పేర్లు. నిటారుగా కడితే కోబినా ఎడమకాలు. తిరగేసి కడితే దేవుడు తిరిగిస్తాడు. ఒకే గుడ్డ. మొన్నటిదాకా నన్ను ఏడిపించడానికి తిరగేసుకున్నవాళ్ళు ఇప్పుడు అప్పు తీర్చని మొగుళ్ళకూ, మాట తప్పిన కొడుకులకూ వినబడాలని తిరగేసుకుంటున్నారు. అబా కూడా కొంది. నడుం మీద గుండ్రం మాత్రం అలాగే పెట్టుకుంది.

నీ సంతకం ముక్క నా దగ్గరే ఉంది. మళ్ళీ ఎక్కడైనా పెట్టాలనిపిస్తే నన్నడిగి పెట్టు.

అరాబా

*

ఆంట్వెర్ప్
మే 6

అక్కా,

జో ఎస్సెల్ ఆ పేపరు తెచ్చిచ్చాడు. నీ ఫోటో కత్తిరించి, బట్టలు మార్చుకునే చోట నా అల్మరా తలుపుకి అంటించాను. ఇక్కడి ఆటగాళ్ళు "ఎవరీవిడ? ఏం చేస్తోంది?" అన్నారు. మా అక్క, కాగితం ఇస్తోంది అన్నాను. వాళ్ళకు ఎడమ చెయ్యి సంగతేం తెలుస్తుంది? నాకు తెలుసు. రోజూ చూసి ఒకసారి నవ్వుకుని మైదానంలోకి వెళ్తున్నాను.

జట్టు పెద్దల నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. నన్ను పక్కన పెట్టారు. ఎన్నాళ్ళు అని రాయలేదు. అంటే ఎన్నాళ్ళయినా అని. వచ్చే ఏడాది కప్పుకు చేరాలంటే ఆడాల్సిన ఆటలు ఆగస్టులో మొదలవుతాయి, నేను లేకుండానే. దేశం చొక్కా మళ్ళీ వేసుకోకపోతే ఏమవుతానని రెండు నెలల క్రితం భయంతో సంతకం పెట్టాను. ఇప్పుడు భయం లేదు. బాధ ఉంది. ఉండనీ. ఆ కాగితం మళ్ళీ పంపితే మాత్రం ఈసారి నేనే ఎడమ చేత్తో తిప్పి పంపుతాను.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి యాభై పెనాల్టీలు కొడుతున్నాను. ఎవరూ అడగలేదు. యాభైలో ఆరో ఏడో పైకి పోతున్నాయి. పోయిన ప్రతిసారీ నీ మాటే గుర్తొస్తుంది.

నిజం చెప్పొద్దన్నందుకు నువ్వు ఎంత కష్టపడి నోరు కట్టుకున్నావో ఊహించుకోగలను. దానికి నీకు మొక్కాలి. ఇంకా చెప్పకు.

కోబినా

*

కొటోకురాబా బజారు, కేప్ కోస్ట్
జూన్ 22

తమ్ముడూ,

నిన్న మంగళవారం. మనిద్దరం పుట్టిన వారం, పడవలు సముద్రం మీదికి వెళ్ళని రోజు. జాలరులంతా ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు కదా, బజారు పల్చగా ఉంది. ఒక పొడుగాటి మనిషి టోపీ కళ్ళ మీదికి లాక్కుని కొట్లోకి వచ్చాడు. టోపీ తియ్యకముందే పోల్చుకున్నాను. మీ కెప్టెన్.

"అక్కగారూ, ఆరు గజాలు కావాలి" అన్నాడు.

"ఏది బాబూ?"

"మీ తమ్ముడిది."

కొలిచాను. కత్తిరించాను. నువ్వు నమ్మవు గానీ ఒక్క మాట అనలేదురా. నా గొంతులో ఎన్ని మాటలు అడ్డం పడ్డాయో నాకే తెలుసు. నెలల తరబడి మా వాడు రాళ్ళు తింటుంటే నువ్వెక్కడున్నావయ్యా, అని అడగాలనిపించింది. నీ కాళ్ళు నీవి కాకపోతే పోయె, నీ నోరు కూడా నీది కాదా అనాలనిపించింది. గుడ్డ మడత పెట్టి కుడి చేత్తో ఇచ్చాను.

ఆయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అక్కగారూ, నేను ఏ వైపు పైకి పెట్టి కట్టుకోవాలి?" అన్నాడు.

"అది కట్టుకునేవాళ్ళ ఇష్టం" అన్నాను, నీ ముసలాయన మాట.

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "మీకు తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. నీ పరువు నా కొట్టు కంటే పెద్దదనుకున్నాడు వాడు. నాకైతే నా కొట్టే పెద్దది, కానీ మాట ఇచ్చాను."

ఆయన గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మామే ఎసీ ఎదురు కొట్టు నుంచి, "ఏమన్నాడే? ఏమన్నాడు?" అని ప్రాణం తీసింది. "ఆరు గజాలు కొన్నాడు" అన్నాను. ముక్కున వేలేసుకుంది.

ఇవాళ పొద్దున ఆక్రా రేడియోలో ఆయన గొంతు వచ్చింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. "ఆ బంతి కోబినా లాక్కోలేదు. నేనిచ్చాను. నాకు భయమేసింది. అతను నా భయం దాచాడు, నేను అతని వెనక దాక్కున్నాను" అన్నాడు. రేడియోలు ఒకదాని తర్వాత ఒకటి పెద్దగా పెట్టారు. వరస ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే గొంతు. అబా చేపల గంప నేల మీద పెట్టి ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు పాత వార్తే కదా. కానీ ఆ మనిషి మీద ఉన్న కోపం అక్కడితో పోయింది. అంతమందికి వినబడేలా నాకు భయమేసింది అనడానికి గట్టి గుండె కావాలి.

మామే ఎసీ వచ్చి నా చెవి మెలిపెట్టింది. "మూడు నెలలు కడుపులో దాచుకున్నావా, నువ్వా?" అంది. ఈ వయసులో చెవి మెలిపెట్టించుకోవడం నాకు బాగానే ఉంది.

అరాబా

*

ఆక్రా, జట్టు బస చేసిన హోటలు
ఆగస్టు 12, శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం కేప్ కోస్ట్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. సాయంత్రానికి నీకు చేరుతుంది.

ఆదివారం ఆటకు పిలిచారు. కాగితం లేదు, సంతకం లేదు, ఎవరూ దేనికీ క్షమాపణ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదనుకో. డాడ్జీ గారు ఎదురై, ఏమీ జరగనట్టు చెయ్యి చాచారు. ఒక్క క్షణం నీ పని చెయ్యాలనిపించింది. పోనీలే అని కుడి చెయ్యే ఇచ్చాను.

ఊరంతా నేనే ఉన్నాను. టాక్సీల వెనక నా పేరు, మంగలి షాపు బోర్డు మీద నా తల. ఇదే షాపు బోర్డు మీద ఫిబ్రవరిలో నా ముఖానికి తారు పూశారని జో చెప్పాడు. తారు గోకేసిన గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. అందరూ చేతులూపుతున్నారు. నేనూ ఊపుతున్నాను. కానీ అక్కా, ఇది ఎన్నాళ్ళు? ఆదివారం సాయంత్రం దాకానా?

నీకు కాక ఇంకెవరికి చెప్పను, నాకు భయంగా ఉంది. కెప్టెన్ ఇందాక నా గదికి వచ్చి, "పెనాల్టీ వస్తే నువ్వే కొట్టాలి. నేను కొట్టగలను, కానీ నువ్వే కొట్టాలి" అన్నాడు. ఆ మాట కోచ్ కూడా ఒప్పుకున్నాడు. డాడ్జీ గారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "కొడితే కుడి కాలితో కొట్టవయ్యా. జనం ఎడమ కాలిని చూస్తే పాత సంగతి గుర్తొస్తుంది. మళ్ళీ పైకి పోతే ఈసారి నిన్ను మేం కాపాడలేం" అన్నారు. కుడి కాలితో కూడా నేను బాగానే కొడతాను. నెమ్మదిగా, కిందుగా, తప్పకుండా. ఏం చెయ్యమంటావు?

నువ్వు వస్తున్నావా? ఎక్కడ కూర్చుంటావు? నాకు కనిపించేలా కూర్చో.

కోబినా

*

కేప్ కోస్ట్
ఆగస్టు 13, శనివారం పొద్దున

ఒరేయ్ కోబినా,

అదే డ్రైవరు ఇంజను ఆపకుండా హారను కొడుతూ నిలబడ్డాడు, గబగబా రాస్తున్నాను.

వస్తున్నానా అని అడుగుతావా? మేం రెండు బస్సులు మాట్లాడాం. గుడ్డల వరస, చేపల వరస, పాటల బృందం. రేపు కొటోకురాబాలో గుడ్డ కావాలన్నా చేప కావాలన్నా దొరకదు. మామే ఎసీ మోకాళ్ళ నొప్పులతో కూడా వస్తోంది. గోలుపోస్టు వెనక, ఎండ పడే వైపు కూర్చుంటాం. అక్కడైతే నువ్వు బంతి పెట్టి తలెత్తగానే కనిపిస్తాం.

నిన్న సాయంత్రం ఎవరి సీటు ఎక్కడో చూసుకోవడానికి బస్సులెక్కితే అక్కడే పెద్ద పోట్లాట అయింది. గుడ్డ ఏ వైపు పైకి కట్టుకుని రావాలని. నిటారుగా కట్టుకుందాం, గోల్ పడేలా, అని సగం మంది. తిరగేసి కట్టుకుందాం, దేవుడు తిరిగిచ్చే రోజు ఇదే, అని సగం మంది. గంటసేపు అరుచుకున్నారు. చివరికి మామే ఎసీ చెయ్యెత్తి, "ఒక బస్సు ఇటు, ఒక బస్సు అటు. లోపల పడినా వాడు మనవాడే, పైకి పోయినా మనవాడే. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉంటే బస్సు దిగొచ్చు" అంది. ఎవరూ దిగలేదు.

అందుకే చెప్తున్నాను. నీ పేరు ఆదివారం సాయంత్రం దాకా ఉంటుందా అన్నావు. టాక్సీల వెనక పేరు సంగతి నాకు తెలీదు, రంగు వేస్తారు, చెరిపేస్తారు. మంగలి బోర్డు సంగతీ అంతే. మేం పెట్టిన పేరు గుడ్డలో ఉంది. ఉతికినా పోదు, తిరగేసినా పోదు. మీ జట్టు పెద్దలు నిన్ను కాపాడలేరట! వాళ్ళను ఎవరు కాపాడమన్నారు?

నీ చిన్నప్పుడు బళ్ళో నీ చెయ్యి కట్టేసినప్పుడు నేను ఊరుకున్నాను. పెద్దవాళ్ళు చెప్పారు కదా అనుకున్నాను. ఆ రోజు నేను అడ్డం పడి ఉండాల్సింది. ఇప్పుడు కాలిని కూడా కట్టేస్తామంటే ఊరుకోను.

నీ చొక్కా డ్రైవరు చేతికిస్తున్నాను. ఆట చొక్కా లోపల వేసుకో. ఏ వైపు పైకి కుట్టించానో వేసుకుని చూసుకో.

భయమేస్తే వెయ్యనీ. బంతి పెట్టు, తలెత్తి మమ్మల్ని చూడు.

ఎడమ కాలితోనే కొట్టు.

అక్క,
అరాబా